సింగిల్ ఫేజ్ చాలడం లేదా? త్రీ ఫేజ్, హెచ్‌టీ సర్వీసులకు మారడం ఎలా

నాకు తరచూ వచ్చే ఫోన్లలో సగం ఒకే మాటతో మొదలవుతాయి. "అన్నా, వోల్టేజీ రావట్లేదు, త్రీ ఫేజ్ పెట్టించుకోమంటావా?" పిండి మర పెట్టుకున్నవాళ్లు, బేకరీ తెరిచినవాళ్లు, చెరువులకు ఏరియేటర్లు వేసినవాళ్లు, రైస్ మిల్లుకు ఇంకో సార్టెక్స్ మెషీన్ (బియ్యాన్ని రంగు చూసి ఏరేది) దించుకున్నవాళ్లు, అందరి ప్రశ్నా ఇదే. కొంతమందికి త్రీ ఫేజ్, అంటే ఒకటికి బదులు మూడు కరెంటు వైర్లు వచ్చే సర్వీసు, నిజంగానే కావాలి. కొంతమందికి రెండు వేల రూపాయల వైరు మారిస్తే సరిపోతుంది. ఇంకొంతమంది ఎల్‌టీలోనే, అంటే 240, 415 వోల్టుల మామూలు సరఫరాలోనే, సాగదీస్తూ మోటర్లు కాల్చుకుంటున్నారు, వాళ్లు 11 కేవీకి, అంటే 11,000 వోల్టుల హెచ్‌టీ సరఫరాకు, వెళ్లాలి. మీరు ఈ ముగ్గురిలో ఎవరో ముందు తేల్చుకోండి. అప్లికేషన్ సంగతి ఆ తర్వాత.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పనికొచ్చేలా ఇది రాస్తున్నాను.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఒక డిజిటల్ మల్టీమీటరు. వీలైతే టాంగ్ టెస్టర్ (వైరు చుట్టూ పెట్టి ఆంపియర్లు కొలిచేది) కూడా. కొనక్కర్లేదు, మీ ఎలక్ట్రీషియన్ దగ్గర ఉంటుంది.
- గత 12 నెలల కరెంటు బిల్లులు. సర్వీసు నంబరు, కేటగిరీ (ఇల్లు, దుకాణం, పరిశ్రమ లాంటి వాడకం రకం), ఒప్పంద లోడ్ (మీరు రాయించుకున్న కిలోవాట్లు) వాటిలోనే ఉంటాయి.
- ప్రతి మోటరు, ప్రతి యంత్రం నేమ్‌ప్లేటు ఫోటో.
- స్థలం మీదేనని చూపే కాగితం, లేదా అద్దె ఒప్పందం, యజమాని అంగీకార పత్రం. ఆధార్, ఫోటో.
- లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు. మీటరు దాటాక జరిగే వైరింగ్ పనికి ఆయన సంతకం కావాలి.
- ఒక నోటు పుస్తకం. రీడింగులు రాసుకోకుండా ఈ పని మొదలుపెట్టవద్దు.

1. లోడ్ లెక్క వేయండి

నేమ్‌ప్లేట్ల మీద హెచ్‌పీ ఉంటే 0.746తో గుణించండి, కిలోవాట్లు వస్తాయి. పిండి మరకు 10 హెచ్‌పీ, కారం మిల్లుకు 7.5 హెచ్‌పీ, లైట్లు ఫ్యాన్లు కలిపి 1 కిలోవాట్ అనుకుందాం. 17.5ను 0.746తో గుణిస్తే 13 కిలోవాట్లు. లైట్లు కలిపితే 14.

బేకరీ లెక్క ఇంకోలా ఉంటుంది. ఓవెన్ 3 కిలోవాట్లు, ఏసీ 1.6, రెండు డీప్ ఫ్రీజర్లు 0.6, పిండి కలిపే మెషీను 0.75. మొత్తం 6 కిలోవాట్ల దాకా వస్తుంది. ఇది సింగిల్ ఫేజ్ మీద పడితే ఒకే వైరులో 26 ఆంపియర్లు లాగుతుంది. అదే త్రీ ఫేజ్‌లో సమంగా పంచితే ఒక్కో ఫేజ్‌కు 9 ఆంపియర్ల లోపే. వైరు వేడెక్కడమూ వోల్టేజీ పడిపోవడమూ ఎందుకు తగ్గుతాయో ఈ తేడాలోనే ఉంది.

ఇక్కడ అందరూ చేసే తప్పు రెండు రకాలు. బిల్లులో ఫిక్స్‌డ్ ఛార్జీ తగ్గుతుందని లోడ్ తక్కువ రాయించడం ఒకటి. రేపెప్పుడో కొనబోయే మెషీనుకు ఇప్పుడే లోడ్ పెంచి రాయించి ప్రతి నెలా దండగ కట్టడం రెండోది. ఈ రోజు నడిచేవి, ఆరు నెలల్లోపు ఖాయంగా వచ్చేవి, ఇవి మాత్రమే రాయండి.

2. మూడు రోజులు వోల్టేజీ రాసుకోండి

చాలామంది ఈ పని వదిలేస్తారు. నన్నడిగితే మొత్తం పనిలో ముఖ్యమైనది ఇదే.

పొద్దున 6కి, మధ్యాహ్నం 1కి, రాత్రి 7 నుంచి 9 మధ్య, రోజుకు మూడుసార్లు కొలవండి. ప్రతిసారీ రెండు చోట్ల: మీటరు దగ్గర, యంత్రం దగ్గర. రెండు చోట్లా యంత్రం ఆపి ఒకసారి, నడుపుతూ ఒకసారి. కరెంటు ఉన్న టెర్మినళ్ల మీద కొలవడం అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. చెప్పులు లేకుండా, తడి నేల మీద నిలబడి ఎవరూ కొలవవద్దు.

చాలాకాలంగా మన దగ్గర పాటిస్తున్న హద్దు ఎల్‌టీకి 6 శాతం అటూ ఇటూ. 240 వోల్టుల సర్వీసుకు అది 225 నుంచి 254. 415 వోల్టుల త్రీ ఫేజ్‌కు ఫేజ్‌కూ ఫేజ్‌కూ మధ్య 390 నుంచి 440. మీ రీడింగులు ఇలా చదవండి:

- మీటరు దగ్గర బాగుండి, యంత్రం దగ్గర పడిపోతే తప్పు మీ సొంత వైరింగ్‌లో ఉంది. త్రీ ఫేజ్ తెచ్చుకున్నా ఆ పాత వైరు పాత వైరే.
- యంత్రం ఆపితే మీటరు దగ్గర బాగుండి, నడిపితే మీటరు దగ్గరే పడిపోయి, పక్కింట్లో మాత్రం మారకపోతే తప్పు సర్వీసు వైరులోనో, స్తంభం దగ్గరి జాయింటులోనో ఉంది. కంప్లైంట్ పెడితే సరిచేస్తారు.
- మీ యంత్రం ఆగి ఉన్నా రాత్రిపూట వీధంతా పడిపోతుంటే ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడ్ ఎక్కువైందని, లేదా ఎల్‌టీ లైను మరీ పొడవుగా ఉందని అర్థం.

ఒక ఉదాహరణ చెప్తాను. ఒకాయన 3 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటరుతో మర నడుపుతున్నాడు. మోటరు మూలుగుతోంది, చేయి పెడితే కాలుతోంది. ట్రాన్స్‌ఫార్మర్ మార్చాలని ఊరందరితో సంతకాలు పెట్టించి అర్జీ సిద్ధం చేసుకున్నాడు. వెళ్లి కొలిస్తే మీటరు దగ్గర 221, మోటరు దగ్గర 205. మీటరు ఇంటి ముందుంది, మర పెరట్లో ఉంది, మధ్యలో 45 మీటర్ల దూరం. ఎప్పుడో బావి మోటరుకు వేసిన 2.5 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం వైరే మరకూ వాడుతున్నాడు. వెళ్లే వైరు, వచ్చే వైరు కలిపితే 90 మీటర్లు, సుమారు 1.1 ఓమ్‌ల నిరోధం. 15 ఆంపియర్లు లాగితే 16 వోల్టులు ఆ వైరే మింగేస్తోంది. 10 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేశాక నష్టం మూడు వోల్టుల లోపుకు వచ్చింది. మీటరు దగ్గర 221 అన్నదీ తక్కువే, దానికి అర్జీ పెట్టాల్సిందే. కానీ మోటరును కాల్చబోతున్నది మాత్రం ఆ పాత వైరు. వోల్టేజీ పదో వంతు తగ్గితే మోటరు తిప్పే బలం దాదాపు ఐదో వంతు పోతుంది, అందుకే ఆ 16 వోల్టులను చిన్న విషయం అనుకోవద్దు.

3. ఏ సర్వీసో నిర్ణయించుకోండి

సుమారు 5 కిలోవాట్ల లోపు, పెద్ద మోటర్లు లేకపోతే సింగిల్ ఫేజ్ 240 వోల్టులు చాలు.

అది దాటినా, 3 హెచ్‌పీ పైన మోటరు ఏది పెట్టినా త్రీ ఫేజ్ 415 వోల్టులకు వెళ్లండి. త్రీ ఫేజ్ మోటరు హెచ్‌పీకి సుమారు 1.4 ఆంపియర్లే లాగుతుంది. స్టార్టింగ్ కెపాసిటర్ గొడవ ఉండదు, రీవైండింగ్ కూడా తేలిక.

ఇంకా పెద్ద లోడ్లకు 11 కేవీ, అంటే హెచ్‌టీ. ఎల్‌టీలో పరిశ్రమలకు 75 కిలోవాట్లు, అంటే 100 హెచ్‌పీ, చాలా ఏళ్లుగా హద్దుగా నడిచింది. కేటగిరీని బట్టి ఇది మారుతుంది, సవరణలూ వస్తుంటాయి. కాబట్టి ఈ ఏడాది టారిఫ్ ఆర్డర్‌లో (కరెంటు రేట్ల ఉత్తర్వులో) మీ కేటగిరీ కింద ఎంత రాశారో చూసుకోండి. హెచ్‌టీలో మామూలు ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే, అందరూ పంచుకునే లైను) మీద 1,500 కేవీఏ (ట్రాన్స్‌ఫార్మర్‌కూ పెద్ద లోడ్లకూ వాడే కొలత, కిలోవాట్ లాంటిదే) వరకు 11 కేవీ, ఆపైన 5,000 కేవీఏ వరకు 33 కేవీ, అది దాటితే 132 కేవీ అన్నది 2006 నాటి సాధారణ సరఫరా నిబంధనల లెక్క. మీ కోసమే విడిగా ఫీడరు వేయించుకుంటే ఈ పరిమితులు పెరుగుతాయి. అప్పుడు 11 కేవీలో 2,500 కేవీఏ వరకు, 33 కేవీలో 10,000 కేవీఏ వరకు తీసుకోవచ్చు.

4. మీ ఊరి ఫీడరు ఏదో కనుక్కోండి

అప్లికేషన్ పెట్టాక ఈ సంగతి తెలిసి తల పట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను. కొన్ని చోట్ల వ్యవసాయ ఫీడరు వేరు, ఊరి ఫీడరు వేరు. వ్యవసాయ ఫీడరు మీద త్రీ ఫేజ్ నిర్ణీత గంటలే రావచ్చు. మీ షెడ్డు పొలాల మధ్య ఉండి, దగ్గర్లోని ట్రాన్స్‌ఫార్మర్ వ్యవసాయ ఫీడరుదైతే, త్రీ ఫేజ్ మీటరు బిగించినా సాయంత్రం మర నడవదు. కరెంటు సెక్షన్ ఆఫీసుకు వెళ్లి ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారిని మూడు ప్రశ్నలు అడగండి: నా సర్వీసు ఏ ట్రాన్స్‌ఫార్మర్ మీదుంది, అది ఏ ఫీడరు, దాని మీద త్రీ ఫేజ్ ఎన్ని గంటలు? ట్రాన్స్‌ఫార్మర్ ఎన్ని కేవీఏ, దాని మీద ఇప్పుడు లోడ్ ఎంత అన్నది కూడా అడగండి. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఫేజ్‌కు సుమారు 35 ఆంపియర్లే ఇవ్వగలదు. దాని మీద నాలుగు బోర్లు ఉంటే మీ 10 హెచ్‌పీకి చోటుండదు, కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఎస్టిమేట్‌లో చేరుతుంది.

ట్రాన్స్‌ఫార్మర్ గద్దె ఎక్కి మీరే చూడవద్దు. ఫ్యూజు వేయడానికి ఎక్కి ప్రాణాలు పోగొట్టుకున్న రైతులు మన పల్లెల్లో ఎంతమందో. లైన్‌మ్యాన్ రావడం గంట ఆలస్యమైనా సరే, ఆగండి.

5. అప్లికేషన్ పెట్టండి

మీ డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) వెబ్‌సైటులోనైనా, కస్టమర్ సర్వీస్ సెంటర్‌లోనైనా పెట్టవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో తూర్పు, దక్షిణ, మధ్య డిస్కంలు, తెలంగాణలో దక్షిణ, ఉత్తర డిస్కంలు ఉన్నాయి. మీది ఏదో బిల్లు మీదే ఉంటుంది.

ఫారంలో "కొత్త సర్వీసు", "అదనపు లోడ్", "ఫేజ్ మార్పు", "కేటగిరీ మార్పు" వేర్వేరు. ఇంటి మీటరు మీదే దుకాణం నడుపుతూ ఫేజ్ మార్పు ఒక్కటే అడిగితే మీటరు త్రీ ఫేజ్ అవుతుంది, కేటగిరీ గృహ వినియోగంగానే ఉండిపోతుంది. తనిఖీకి వచ్చిన రోజు విద్యుత్ చట్టం 2003లోని 126వ సెక్షన్ కింద కేసు రాస్తారు. ఆ వాడకానికి వర్తించే టారిఫ్‌కు రెట్టింపు కట్టాలి. ఎప్పటి నుంచి వాడుతున్నారో తేలకపోతే వెనక్కి 12 నెలలకు లెక్క కడతారు. వ్యవసాయ సర్వీసు మీద మర నడిపినా, చేపల చెరువు నడిపినా ఇదే.

రిజిస్ట్రేషన్ నంబరు రాసుకోండి. 2020 నాటి విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలను 2024లో సవరించారు. అన్ని కాగితాలతో అప్లికేషన్ పూర్తయిన రోజు నుంచి మెట్రో నగరాల్లో 3 రోజులు, మున్సిపాలిటీల్లో 7, గ్రామాల్లో 15 రోజుల్లో కొత్త సర్వీసు ఇవ్వాలి, లేదా ఉన్నదాన్ని మార్చాలి. లైను పొడిగించాల్సి వస్తే గడువు వేరు. అందుకే "కాగితాలు చాలలేదు" అని నోటిమాటగా చెప్తే ఒప్పుకోవద్దు. ఏ కాగితం తక్కువైందో రాతపూర్వకంగా అడగండి.

6. ఎస్టిమేట్ చదివాకే డబ్బు కట్టండి

అందులో మూడు రకాల మొత్తాలు ఉంటాయి. డెవలప్‌మెంట్ ఛార్జీ కిలోవాట్‌కు ఇంత అని. సెక్యూరిటీ డిపాజిట్ మీ పేరునే ఉండే సొమ్ము, దాని మీద వడ్డీ బిల్లులో సర్దుతారు. మూడోది లైను, స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు. లైను ఉన్న ప్రాంతంలో 150 కిలోవాట్ల వరకు కనెక్షన్ ఛార్జీ లోడ్‌ను బట్టి ముందే ఖరారై ఉండాలని, స్థలం చూసి విడిగా ఎస్టిమేట్ వేయక్కర్లేదని పై నియమాల్లోనే ఉంది. మీకు పెద్ద మొత్తం చెప్తే ఇది గుర్తుచేసి, ఏ పద్దు కింద ఎంతో అడగండి.

డబ్బు ఆన్‌లైన్‌లోనో, కౌంటర్‌లోనో కట్టి రసీదు తీసుకోండి. చేతికి ఇచ్చిన డబ్బుకు రసీదు ఉండదు, దాని మీద కంప్లైంటూ నిలబడదు.

7. మీటరు రాకముందే లోపలి వైరింగ్ సిద్ధం చేయండి

- త్రీ ఫేజ్‌కు నాలుగు పోల్స్ మెయిన్ స్విచ్, నాలుగు వైర్లు. న్యూట్రల్ వైరు ఫేజ్ వైరంత లావు ఉండాలి. దానిలో ఫ్యూజు పెట్టవద్దు.
- లైట్లు, ఫ్రీజర్లు, ఏసీలు మూడు ఫేజ్‌ల మీద సమంగా పంచండి. అన్నీ ఒకే ఫేజ్ మీద వదిలేస్తే త్రీ ఫేజ్ తెచ్చుకుని లాభం లేదు.
- మోటర్లకు స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలేతో పాటు సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ తప్పనిసరి. ఒక ఫేజ్ పోతే మోటరు రెండు ఫేజ్‌ల మీద మూలుగుతూ నిమిషాల్లో కాలిపోతుంది. రీవైండింగ్ షాపుకు వచ్చే మోటర్లలో ఇలాంటివి చాలా ఉంటాయి.
- రెండు ఎర్త్ గుంతలు. లైట్లు, ప్లగ్గుల వైపు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్). తడి చేతులతో పనిచేసే చోట, అంటే చికెన్ షాపు, టిఫిన్ సెంటర్, చెరువు గట్టు, ఇది లేకుండా కరెంటు ఇవ్వనివ్వవద్దు.
- లైను నుంచి లాగే కరెంటు తగ్గేలా మోటరుకు సరిపడే కెపాసిటర్. ఇది స్టార్టింగ్ కెపాసిటర్ కాదు. అవసరానికి మించి పెట్టినా నష్టమే.

ఒక్క హెచ్చరిక గట్టిగా చెప్తాను. న్యూట్రల్ తెగితే ఎర్త్‌ను న్యూట్రల్‌గా వాడే అలవాటు పల్లెల్లో ఇంకా ఉంది. అలా చేస్తే మర ఇనుప చట్రం మొత్తానికి కరెంటు వచ్చే ప్రమాదముంది. ఎవరు సలహా ఇచ్చినా వినవద్దు.

8. కనెక్షన్ ఇచ్చిన రోజు చూసుకోవాల్సినవి

లైన్‌మ్యాన్ ఉండగానే చేయండి. ఆయన వెళ్లాక మళ్లీ పిలవడం కష్టం.

మొదట అన్ని ఎంసీబీలూ (ఒక్కో లైనుకు ఉండే చిన్న బ్రేకర్లు) ఆఫ్‌లో పెట్టి, మెయిన్ మాత్రం వేసి కొలవండి. ఫేజ్‌కూ ఫేజ్‌కూ మధ్య మూడు రీడింగులు, ప్రతి ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య మూడు. మొదటి మూడూ 415 దరిదాపుల్లో, తర్వాతి మూడూ 240 దరిదాపుల్లో ఒకదానికొకటి దగ్గరగా రావాలి. ఒకటి 180, ఇంకొకటి 290 అని వచ్చిందంటే న్యూట్రల్ సరిగ్గా తగల్లేదు. వెంటనే మెయిన్ ఆపండి. ఆ స్థితిలో ఫ్రిజ్, టీవీ ఆన్ చేస్తే పొగే.

తర్వాత మోటరు దిశ. బెల్టు తీసి, ఒక్క క్షణం ఆన్ చేసి ఆపండి. ఎదురు తిరిగితే ఏవైనా రెండు ఫేజ్ వైర్లు అటూ ఇటూ మార్చండి. సబ్‌మెర్సిబుల్ అయితే ఎదురు తిరిగినా నీళ్లు కొంచెం వస్తాయి, అదే మోసం. రెండు దిశల్లోనూ చూసి, నీళ్లు ఎక్కువ వచ్చేదే ఉంచండి.

చివర లోడ్ మొత్తం వేసి టాంగ్ టెస్టర్‌తో మూడు ఫేజ్‌ల ఆంపియర్లు చూడండి. 14, 15, 14 అంటే బాగుంది. 22, 9, 12 అంటే పంపకం మళ్లీ చేయాలి. అరగంట తర్వాత మెయిన్ ఆపి, మూత తీసి టెర్మినళ్ల దగ్గర మాడిన వాసన, రంగు మారిన ఇన్సులేషన్ ఏమైనా ఉందేమో చూడండి. మీటరు సీళ్లు, మొదటి రీడింగు ఫోటో తీసి ఉంచుకోండి.

హెచ్‌టీకి వెళ్లేవాళ్లకు

దీనికి ఖర్చు వేరు, ఆలోచనా వేరు. 11 కేవీ తీసుకుంటే ట్రాన్స్‌ఫార్మర్ మీదే, దాని నిర్వహణా మీదే. స్తంభాల స్ట్రక్చరు, ఏబీ స్విచ్ (స్తంభం మీద లైనును విడదీసే స్విచ్), బ్రేకరు, మీటరింగ్ సెట్ పెట్టించాలి, విద్యుత్ తనిఖీ అధికారుల అనుమతి వచ్చాకే ఛార్జ్ చేస్తారు. బదులుగా వోల్టేజీ నిలకడగా ఉంటుంది, ఎల్‌టీ లైను నష్టాలతో మీకు సంబంధం పోతుంది. అదే శక్తిని 415 వోల్టులకు బదులు 11,000 వోల్టుల్లో తీసుకుంటే లైనులో కరెంటు 26 రెట్లు తగ్గుతుంది.

నష్టపోయేవాళ్లు ఎక్కువగా నష్టపోయేది గరిష్ఠ డిమాండ్ ఒప్పందంలో, అంటే సీఎండీలో (గరిష్ఠంగా ఎన్ని కేవీఏ లాగుతామని ఒప్పుకున్నామో అది). మన రెండు రాష్ట్రాల్లో హెచ్‌టీ వాడకందారుకు డిమాండ్ ఛార్జీ, ఆ నెల నమోదైన డిమాండ్, సీఎండీలో 80 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి పడుతుంది. సీజన్‌లో 190 కేవీఏ, మిగతా నెలల్లో 60 కేవీఏ వాడే మిల్లు 200 కేవీఏకు ఒప్పందం చేసుకుంటే, ఖాళీ నెలల్లోనూ 160 కేవీఏకు కట్టాలి. 12 నెలలకూ ఈ లెక్క కాగితం మీద వేసి, ఎల్‌టీ బిల్లుతో పోల్చి చూశాకే సంతకం పెట్టండి. సాఫ్ట్ స్టార్టర్ (మోటరును మెల్లగా అందుకునేలా చేసే పరికరం) పెట్టి మోటర్లు ఒకదాని తర్వాత ఒకటి నడిపితే చాలాసార్లు సీఎండీ కొంత తగ్గించుకోవచ్చు. ఒప్పందం దాటితే జరిమానా రేటు పడుతుంది కాబట్టి మరీ బిగించి కూడా రాయించవద్దు.

9. మొదటి బిల్లు వచ్చాక

పేరు, కేటగిరీ, ఫేజ్, ఒప్పంద లోడ్, మల్టిప్లయింగ్ ఫ్యాక్టర్ (మీటరు రీడింగును ఎంతతో గుణించాలో చెప్పే అంకె), ఈ ఐదూ సరిచూడండి. సీటీ మీటరు (పెద్ద కరెంటును తగ్గించి కొలిచేది) ఉంటే మల్టిప్లయింగ్ ఫ్యాక్టర్ తప్పు పడితే బిల్లు రెట్టింపైనా అవుతుంది, సగమైనా అవుతుంది. సగమైతే సంతోషించవద్దు, తర్వాత ఒకేసారి వసూలు చేస్తారు. రీడింగ్ మీద అనుమానముంటే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఫిర్యాదు అందిన 5 రోజుల్లో చెక్ మీటరు పెట్టి, కనీసం 3 నెలలు పోల్చి చూడాలని 2024 సవరణలో ఉంది.

వోల్టేజీ సమస్య తీరకపోయినా, గడువు దాటినా ముందు 1912కు ఫోన్ చేసి కంప్లైంట్ నంబరు తీసుకోండి. కదలిక లేకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, ఆ తర్వాత విద్యుత్ అంబుడ్స్‌మన్. లాయరు అక్కర్లేదు, తెలుగులోనే రాయవచ్చు. రెండో అడుగులో రాసుకున్న మూడు రోజుల రీడింగుల పేజీ జిరాక్స్ దానికి జతచేయండి. "వోల్టేజీ సరిగా రావడం లేదు" అని రాసిన అర్జీ ఫైల్లో ఉండిపోతుంది. "12వ తేదీ రాత్రి 8 గంటలకు మీటరు దగ్గర 178 వోల్టులు, లోడ్ లేకుండా" అని రాసిన అర్జీకి మాత్రం ఎవరో ఒకరు మీటరు పట్టుకుని మీ ఇంటికి రావాల్సిందే.